ఎండ దాహం

"ఇంక సూది అక్కర్లేదు, మాత్రలు చాలు" అని కువైట్‌లోని జహ్రా క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు. నన్ను వెంటబెట్టుకొచ్చిన మామా నా బదులు నవ్వింది. మామా అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు. ఆవిడకూ షుగరే. కొన్నేళ్లుగా రోజూ నాస్తాకు ముందు వంటగదిలో ఆవిడకు నేను సూది వేసేదాన్ని, నాకు ఆవిడ వేసేది. తన ఒంట్లో తాను గుచ్చుకోవాలంటే ఇద్దరికీ చేతులు రావు. ఎదుటిమనిషికి గుచ్చడంలో మాత్రం ఇద్దరం మహా ధైర్యవంతులం.

సంగతి విని పక్కింటి వంటామె ఆటపట్టించింది. ఆమెది మా రాయచోటి పక్కే. "సూది తప్పిందంటే పండగ చేసుకోవల్ల గదక్కా. నువ్వేంది, బిడ్డను అత్తగారింటికి పంపినట్ల మొగం పెట్టినావు?"

నా భయం ఆమెకెలా తెలుస్తుంది? మా అమ్మ కూడా సూది మానేసిన మనిషే. ఏ డాక్టరూ మానమనలేదు. ఎవరో పసరు పోస్తే దాన్ని నమ్ముకుని మానేసింది. రోహిణి ఎండలు. దాహం దాహం అంటుంటే, ఈ ఎండలకు అందరికీ అంతేలే అనుకుని కుండలో నీళ్లు ముంచి ఇస్తూ పోయాం. ఇస్తుండగానే పోయింది. డాక్టరు చెప్పి మార్చడం వేరు, పసరు నమ్మి మానడం వేరు అని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

పైగా కువైట్ ఎండాకాలం. చన్నీళ్ల కుళాయి తిప్పినా వేన్నీళ్లే వస్తాయి. మిద్దె మీద బట్టలు ఆరేసి దిగేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇది ఎండ దాహమా, షుగరు దాహమా? గ్లాసు ఎత్తిన ప్రతిసారీ అమ్మ గుర్తొచ్చేది. కాళ్లు తిమ్మిరెక్కితే భయం, కళ్లు మసకబారితే భయం. షుగరు మిషన్‌తో వేలు గుచ్చి చూసుకోవచ్చు. అంకె ఎక్కువొస్తుందేమోనని అదీ మానేశాను. దెయ్యం కనబడుతుందేమోనని దీపం ఆర్పుకున్నట్టు ఉంది నా తెలివి. ఆ రోజుల్లో మామాను సూదికి పిలిస్తే "నీకు లేదు కదా, నాది నేనే వేసుకుంటాలే" అని గదిలోకి వెళ్లిపోయేది. నా గోలలో నేనుండి సరే అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం అన్నం దించి, ఒక సీసా నీళ్లు తాగి, రెండోదాని కోసం ఫ్రిజ్ తెరిచాను. తలుపు అరలో మామా ఇన్సులిన్ సూది పెన్నులు కొత్త పెట్టెలో అలాగే ఉన్నాయి. ఒక్కటి వేసుకుంటే ఈ బాధ తీరుతుంది అనిపించింది. చెయ్యి చాపాను.

"లా, లా, వద్దు" అంటూ మామా వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది. "మాత్ర మీద సూది కూడానా? పడిపోతావు."

"దాహం ఆగడం లేదు మామా. మా అమ్మ ఇట్లే పోయింది." ఏడుపు వచ్చేసింది.

"నాకూ దాహమే. పొద్దుట్నుంచి తాగుతూనే ఉన్నా. ఇది కువైట్, ఎండ" అంటూ ఫ్రిజ్‌లోంచి సీసా తీసుకుని సగం తాగింది. తర్వాత మిషన్ తెచ్చి నా వేలు గుచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

"చూడు. బాగుంది. ఖలాస్, ఏడుపు ఆపు."

అంకె డాక్టరమ్మ ఉండాలన్న చోటే ఉంది. నా దాహం వట్టి ఎండ దాహమే. ప్రాణం లేచొచ్చింది. మామా మిగతా సగం కూడా తాగేసి, ఇంకో సీసా కోసం ఫ్రిజ్ తెరిచింది. అప్పుడు చూశాను ఆవిడను. పెదాలు ఎండి పగిలిపోయున్నాయి. ఆ పెన్నుల పెట్టెకు అంటించిన సీలు కూడా ఇంకా ఊడలేదు.

"మామా, నీ వేలు ఇవ్వు."

"నాకెందుకు?" అని చిన్నపిల్లలా చెయ్యి వెనక్కి దాచుకుంది. లాగి గుచ్చాను. మిషన్ మీద అంకె రాలేదు. మరీ ఎక్కువైతే అది అంకె చూపించదు, 'హై' అని మాత్రం అంటుంది.

డ్రైవరును కేకేసి కారు తీయించాను. ఆస్పత్రి దాకా మామా నీళ్లు అడుగుతూనే ఉంది. అమ్మకు ఇచ్చినట్టే ఇస్తూ కూర్చున్నాను.

ఆవిడ కొన్నాళ్లకు ఇల్లు చేరింది. ఇప్పుడు పొద్దున ముందు ఆవిడకు సూది, తర్వాతే నాకు మాత్ర. ఆ ఇంట్లో ఎవరు దాహం అన్నా నేను నీళ్లకంటే ముందు మిషన్ కోసమే పరిగెత్తుతాను.