మూడుసార్లు పలక్కపోతే

మచిలీపట్నంలో మా ఆఫీసు సర్వర్లు చూసే పెద్దాయనకు ఒక అలవాటుండేది. నెలకోసారి, పట్టపగలు, పనిచేస్తున్న సర్వరు ప్లగ్గు పీకేసేవారు. మా ప్రాణాలు పోయేవి గానీ అప్లికేషన్ ఆగేది కాదు. పక్కనున్న రెండో సర్వరు పని అందుకునేది.

"అవి రెండూ క్షణక్షణం 'ఉన్నావా' అని పలకరించుకుంటాయండీ. మూడుసార్లు పలక్కపోతే రెండోది వచ్చేస్తుంది. వస్తుందో రాదో పీకి చూస్తేగానీ తెలీదు" అనేవారు.

రిటైరయ్యాక కోడూరులో ఒంటరిగా ఉంటూ, రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసేవారు.

"ఉన్నారా?"

"ఉన్నానండీ."

అంతే, పెట్టేసేవారు. మా స్నేహంలో సంభాషణ మొత్తం అదే.

ఒకసారి మూడు రోజులు ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. బస్సెక్కి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఫోను.

"ఒంట్లో బాగాలేదా అండీ?"

"బాగానే ఉంది. వస్తారో రారో చూద్దామని."

తిట్టడానికి నోరు తెరిచాను. మూడు రోజులుగా వచ్చే ప్రతి బస్సూ చూస్తున్నానని ఆయన అనేసరికి మూసేశాను.

టీ పెట్టారు. ప్రతిదానికీ రెండోది ఉండాలనే మనిషి ఇంట్లో గ్లాసు ఒక్కటే ఉంది. అది నాకిచ్చి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చున్నారు.