పైన్ చెక్క మీద మా అమ్మాయి

కొవ్వూరులో మా ఆయనకు కలప అడితి ఉంది. అంచేత చెక్క గురించి లోకంలో ఇంకెవరూ మాట్లాడకూడదని ఆయన నమ్మకం. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు గుమ్మాన్ని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. టేకైతే ముఖం వెలిగిపోతుంది. కాకపోతే ఆ ఇంట్లో పప్పులో ఉప్పు కూడా తక్కువైనట్టు తింటారు.

అలాంటి మనిషికి పుట్టిన అమ్మాయి సైకిల్ పందేల్లో పడింది. రోడ్డు మీద జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలో గెలిచింది. చివరికి ఢిల్లీలో ఇండోర్ ట్రాక్ మీద సెలక్షన్‌కి రమ్మని కబురొచ్చింది. నెగ్గితే అక్కడే ఉంచుకుని శిక్షణ ఇస్తారు. లేదంటే పెట్టె సర్దుకుని ఇంటికే.

"నాన్నా, ఆ ట్రాకంతా చెక్కేనంట. చలిదేశం నుంచి పైన్ తెప్పించి వేశారంట" అంది అన్నం తింటూ.

ఆయన చేతిలో ముద్ద అక్కడే ఆగింది. "పైనా? మిషన్లు పంపడానికి పెట్టెలు కడతారు, ఆ చెక్కా? టేకు దొరకలేదంటా వాళ్ళకి? పోనీ వేగిసైనా వెయ్యొచ్చు కదా!"

మాతో తనూ బయలుదేరారు. చెక్క చూడడానికేనట. పిల్ల కోసమని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

పెద్ద హాలు. మధ్యలో కోలగా సాగదీసిన మూకుడులా ఉంది ట్రాకు. మలుపుల దగ్గర మా పెంకుటింటి కప్పు కన్నా నిటారుగా లేచింది. నాకు చూస్తుంటేనే కళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం కోచ్ గారిని అడిగి, చెప్పులు విప్పి, అంచున మోకాళ్ళ మీద కూర్చుని కణుపుతో కొట్టారు. సన్నటి బద్దలు పక్కపక్కనే ఒత్తుగా పేర్చి ఉన్నాయి. ముడి అన్నది వెతికినా కనిపించలేదు. చలిలో చెట్టు ఏటా కొంచెం కొంచెమే పెరుగుతుందనీ, అందుకే గీతలు అంత దగ్గరగా ఉంటాయనీ కోచ్ గారు చెప్పినదాన్ని మా అమ్మాయి తెలుగులో చెప్పింది. "ఊ" అన్నారీయన. బేరంలో ఓడిపోయినప్పుడు వచ్చే ఊ అది, నాకు బాగా తెలుసు.

చెక్కతో పేచీ తీరింది. అసలు చిక్కు మా పిల్ల కాళ్ళలో ఉంది.

మా వైపు సైకిల్ నేర్పడమంటే ముందు బ్రేకు నేర్పడం, తరవాతే తొక్కడం. కాలువ గట్టు మీద మలుపు తప్పితే తిన్నగా నీళ్ళలోకే కదా. చిన్నప్పటి నుంచీ పొద్దున్నే దాని వెనక స్కూటర్ మీద వెళుతూ ఈయన ఒకటే అరుపు: "మలుపు వస్తోంది, మెల్లిగా తల్లీ!" ఇక్కడి సైకిలుకు బ్రేకే లేదు, కాళ్ళు ఆపితే చక్రమూ ఆగుతుంది. పైగా ఆ ఏటవాలు మీద చక్రం నిలవాలంటే వేగం ఉండాలి. మెల్లగా వెళ్ళినవాళ్ళే జారతారు. మా పిల్ల ఆ ఏటవాలు మీద గీసిన పైగీత దాకా ఎక్కింది, మలుపు చూసింది, కాళ్ళు బిగబట్టింది. మరుక్షణం సైకిలుతో సహా కిందికి జారిపోయింది. మోచేయి గీసుకుపోయింది.

మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. మళ్ళీ అక్కడ ఆగితే తీసుకోలేమని కూడా చెప్పేశారు.

"నేను ఆపట్లేదమ్మా, కాళ్ళే ఆగిపోతున్నాయి" అని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది. "ఆ కాళ్ళలో ఉన్నవి మీ అరుపులేనండీ" అన్నాను ఆయనతో, మొహం మీదే. ఆయన తెచ్చుకున్న పులిహోర కూడా ముట్టలేదు.

మధ్యాహ్నం పిల్ల మళ్ళీ ఎక్కింది. కింద ఒక చుట్టు తిరిగి మెల్లగా పైకి జరుగుతోంది. ఈయన కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. మలుపు దగ్గరపడింది.

"మలుపు వస్తోంది!" అని గట్టిగా అరిచారు.  ఆయన నోరు మూద్దామని చెయ్యెత్తాను.

"తొక్కు తల్లీ! ఆపకు, తొక్కెయ్!"

తొక్కింది. చెక్కంతా దడదడలాడింది. పైగీత మీదుగా మలుపు తిరిగి అవతలికి దూసుకుపోయింది. తరవాత ప్రతి మలుపులోనూ అదే అరుపు. తెలుగు ముక్క రాని వాళ్ళంతా మావైపే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది, ఆపమని మాత్రం అనలేదు. పిల్ల దిగేసరికి దాని పేరు ఉంది సెలక్షన్‌లో, ఈయనకు గొంతు లేదు.

దాన్ని అక్కడే వదిలి ఇంటికొచ్చాం. మర్నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ స్కూటర్ తీసి గట్టు మీదికి వెళ్ళారు. వెళ్ళిన కాసేపటికే తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డారు.

"తొక్కెయ్ అని అరిచింది నేనే కదే. వెళ్ళిపోయింది" అన్నారు బొంగురు గొంతుతో.

నాకూ కన్నీళ్ళు ఆగలేదు. కాఫీ గ్లాసు చేతికిచ్చి పక్కనే కూర్చున్నాను. కాసేపటికి మా టేకు గుమ్మాన్ని కణుపుతో ఒకసారి కొట్టి విన్నారు.

"ఆ పైనూ మంచి చెక్కేనే. పిల్లని పడనివ్వదు" అన్నారు.