ఇంటర్వెల్ దాకా

గుంటూరులో ఆదివారం ఉదయాలు యూరప్ సినిమాలు వేసే చిన్న హాలుకి మా పక్కింటావిడ నాతో వచ్చేది. ఆ సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు. అయినా టీలు అమ్ముడుపోవాలని హాలాయన సగంలో ఆపేవాడు. లైట్లు వెలగగానే ఆవిడ లేచేది. షుగరున్న మామగారికి పన్నెండింటికల్లా అన్నం పెట్టాలి. ఆవిడ తలుపు తీస్తే చాలు, మిర్చి యార్డు వైపు నుంచి మిరపకాయల ఘాటు లోపలికి కొట్టేది.

సాయంత్రం మిగతా కథ చెప్పబోతే అరచెయ్యి అడ్డం పెట్టేది.

"వద్దండి, చెప్పకండి."

ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక ఆదివారం టీ పెట్టే మనిషి రాలేదు. సినిమా ఆపకుండా వేసేశారు. లైట్లు వెలుగుతాయేమోనని చూస్తూ చూస్తూ ఆవిడ చివరిదాకా ఉండిపోయింది. తెరమీద, ఇల్లు వదిలి పోదామని పెట్టె సర్దుకున్న ఇల్లాలు, మళ్ళీ ఆ బట్టలన్నీ బీరువాలో పెట్టేసి అంట్లు తోమడం మొదలుపెట్టింది. సినిమా అయిపోయింది.

"అంతేనా అండీ?"

"అంతేనండి."

ఆవిడ తెరవైపే చూస్తూ అంది.

"ఇన్నాళ్ళూ, నేను వెళ్ళిపోయాక ఈ సినిమాల్లో ఆడవాళ్ళంతా బయటపడుంటార్లే అనుకున్నాను."

చేతిలో ఫోను మోగింది.

"వస్తున్నానండీ మామయ్యగారూ" అంది.