గుండుకు కోడి, జుట్టుకు పప్పు

రాఘవమ్మ ఇంటికొచ్చిన అతిథుల ముఖం కంటే ముందు తల చూస్తుంది. గుండు కనబడితే కొండకు పోయి వచ్చినట్టు. సంగటి, నాటుకోడి పులుసు. జుట్టుంటే దర్శనం ఇంకా కాలేదు. పప్పు, బెండకాయ వేపుడు. నోరు తెరిచి అడగదు. అడిగితే మొహమాటానికి అందరూ పప్పే అంటారని, తర్వాత పెరట్లో కోళ్లవైపు ఆశగా చూస్తారని ఆమె అనుభవం.

చంద్రగిరి దాటాక ఉన్న ఆ పల్లెలో సగం ఇళ్లకు తాళాలు. మిగిలినవాళ్లూ మూట సర్దుకునే ఆలోచనలో ఉండగా, రాఘవమ్మ పశువుల కొట్టం పక్కన రెండు గదులకు సున్నం కొట్టించి యాత్రికులకు ఇచ్చింది. వాళ్లు వేరుశెనగ చెట్లు పీకుతారు, బర్రెతో ఫొటోలు దిగుతారు. అది చూసి ఇంకో మూడిళ్లవాళ్లు గదులు సిద్ధం చేశారు. వాళ్లనూ చేర్చుకోవాలా వద్దా అన్నది, గదులు బుక్ చేసే కంపెనీ మనిషి రాఘవమ్మ ఇంట్లో ఒకరోజు ఉండి తేల్చాలి.

ఆ మనిషి యోగానంద. మధ్యాహ్నం భార్యతో కారు దిగి టోపీ తీశాడు. నున్నటి తల ఎండకు మెరిసింది. రాఘవమ్మ ఇంకేం ఆలోచించలేదు. పుంజును పట్టించింది.

భార్య ఓ కునుకు తీసి, స్నానం చేసి వచ్చేసరికి ఆయన రెండో ముద్దలో ఉన్నాడు.

"రేపు దర్శనం పెట్టుకుని ఇదేంటండీ?"

చిక్కుడుకాయ పులుసనుకున్నానన్నాడు. చేతిలో కాలు ముక్క ఉంది.

వసారాలో కూర్చున్న చౌడేశ్వరి, గది సిద్ధం చేసుకున్నవాళ్లలో ఒకతె, రాఘవమ్మ చెవిలో గొణిగింది. "అడిగితే నోరు అరిగిపోతాదా అక్కా? మా మూడిండ్లూ ఆ పులుసులో మునిగిపోయినాయి."

రాఘవమ్మ ముందుకొచ్చింది. "తప్పు నాదే సార్. గుండు సూసి, కొండకు పోయొచ్చినారనుకుంటి."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. యోగానంద ముఖం మాడిపోయింది. కోడి తిన్నందుకు కాదు.

"ఇది గుండు కాదమ్మా," అని చెవుల పక్కనున్న నాలుగు వెంట్రుకలు తడుముకున్నాడు. "జుట్టుంది."

తర్వాత గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. రాత్రి మజ్జిగన్నం కూడా లోపలికే తెప్పించుకున్నాడు.

తెల్లారేసరికి భార్య శిక్ష ఖరారు చేసింది: తలస్నానం చేయాలి, కారు ఎక్కకూడదు, శ్రీవారి మెట్టు దారిలో కొండ నడిచి ఎక్కాలి. రాఘవమ్మ ఇడ్లీ పొట్లం కట్టి, సాయంత్రానికీ గది ఉంచుతానంది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. పొట్లం మాత్రం తీసుకున్నాడు.

చీకటి పడకముందే ఇద్దరూ వచ్చేశారు. యోగానంద అరుగు మీద కూర్చుని టోపీ తీసి తల వంచాడు. చెవుల పక్కనున్నవీ పోయాయి.

"ఇదీ గుండంటే. నిన్నటి పులుసేమైనా మిగిలిందా?"

మిగల్లేదు. రాఘవమ్మ ఆ మాట చెప్పేలోపే, వసారాలో ఉన్న చౌడేశ్వరి తన పెట్టను పట్టడానికి వీధిలోకి పరుగెత్తింది.

మరుసటి వారం మూడిళ్లూ బుకింగులోకి ఎక్కాయి. చౌడేశ్వరి ఇంట్లో మొదటి అతిథులు శుక్రవారం దిగారు. ముగ్గురికీ ఒత్తైన జుట్టు. పప్పు పెట్టింది.