బంకు కింది మట్టి

హోసూరు నుంచి డెంకణికోట పోయే రోడ్డులో మంజులమ్మ పెట్రోలు బంకు మూతపడి నాలుగైదేళ్లయింది. 2005 ఎండాకాలంలో ఆ ఖాళీ స్థలాన్ని ఊరి పసిపిల్లలకు బాలవాడి బడి కట్టుకోవడానికి ఇస్తానని ఆమె మాటిచ్చింది. అందరూ సంతోషించారు. బంకు పక్కింటి మారక్క మాత్రం నసుగుతూనే విషయం చెప్పింది.

"అక్కా, ఏమనుకోవద్దు. వానలు పడితే మా బావి నీళ్లు ఒక మాదిరి వాసనొస్తా ఉండాయి. భూమిలో మీ ట్యాంకు అట్లే ఉంది గదా? ఆడ పసిబిడ్డలు మట్టిలో ఆడుకుంటారు."

మంజులమ్మ మనసు చివుక్కుమంది. ఆ బంకు పెట్టింది ఆమె భర్త సుబ్బరాయుడు. హోసూరులో ఫ్యాక్టరీలు జోరుగా నడిచిన రోజులవి. టమోటాల లారీలు, గ్రానైటు లారీలు బారులు తీరేవి. తమిళం, కన్నడం, తెలుగు కలగలిపి డ్రైవర్లు చెప్పే కబుర్లకు ఆయన పగలబడి నవ్వేవాడు. ఆయన గుండెపోటుతో పోయాక, "ఆడమనిషి బంకు నడిపేదేంది?" అని నలుగురూ అంటున్నా వినకుండా ఆమె గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. అలా అన్నవాళ్లే తర్వాత ఆమెను బంకమ్మా అని పిలిచారు. కొత్త రోడ్డు పడి లారీలు అటు మళ్లేదాకా నడిపింది.

అలాంటి చోటును తప్పుపడితే కోపం రాదా? వచ్చింది. కానీ పసిబిడ్డల మాట మనసులోంచి పోలేదు. మర్నాడే హోసూరు వెళ్లి, మట్టి పరీక్షలు చేసే నమితను పిలుచుకొచ్చింది.

పనివాళ్లు అక్కడక్కడా గొట్టాలు దించి మట్టి తీశారు. రోడ్డు వైపు మట్టి ఎర్రగా, మామూలుగానే ఉంది. ట్యాంకు పక్కన తీసింది మాత్రం నల్లగా, జిడ్డుగా వచ్చింది. మంజులమ్మ వంగి వాసన చూసి అలాగే ఉండిపోయింది. అచ్చం సుబ్బరాయుడి ఖాకీ చొక్కా వాసన. పెళ్లయిన కొత్తలో ఆ వాసనకు ముఖం తిప్పుకునేది. ఆయన పోయాక ఒక చొక్కా ఉతక్కుండా పెట్టెలో దాచుకుంది. ఏళ్లు గడిచి అందులోనూ వాసన మిగల్లేదు.

"ఏమైందమ్మా?" నమిత అడిగింది.

"ఏంలేదులేమ్మా. మా ఆయన గుర్తొచ్చినాడు."

పరీక్షల ఫలితం వచ్చింది. ట్యాంకు అడుగు తుప్పుపట్టి డీజిల్ కారింది, మారక్క బావి దాకా పాకింది. మంజులమ్మ నేరుగా మారక్క ఇంటికి పోయి, "ఆ నీళ్లు తాగొద్దమ్మా. ఎగువన మా తోట బోరు నీళ్లు బాగుండాయంట. పైపు వేయిస్తాను" అంది. మారక్క కళ్లు తుడుచుకుంది. ఆ బావి ఆమె అత్త తవ్వించింది.

క్రేనుతో ట్యాంకు పైకి తీశారు. కింది నల్లమట్టి కొంత తవ్వాక మేస్త్రీ చంద్రశేఖర్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "చాలమ్మా, పైన మంచి మన్ను కప్పేస్తాము."

"వద్దప్పా, వాసన పోయేదాకా తీయండి. చొక్కాకు డీజిల్ అంటితే ఆయన ఒంటికి నీళ్లు పోసుకునేదాకా మా బిడ్డను ఎత్తుకునేవాడు కాదు."

నల్లమట్టి లారీలకెక్కి పోతుంటే ఆమె చెట్టు కింద నిలబడి చూసింది. మళ్లీ పరీక్షించి నమిత సరేనన్నాకే పునాది తీశారు.

మరుసటేడు బాలవాడి మొదలైంది. బావి మాత్రం బాగుపడలేదు. సాయంత్రాలు మారక్క, తోట బోరు నుంచి మంజులమ్మ వేయించిన కొళాయి దగ్గరికి బిందెతో వస్తే, ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఆ లారీల కాలం కబుర్లు చెప్పుకునేవారు. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఒక్కోసారి చూసుకునేవారు కాదు.