నా బొమ్మలో నీళ్లు నీలంగానే ఉంటాయి

నేను సముద్రం చూడలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, ఆదోని బజారులో కొన్న నీళ్ల రంగులతో సముద్రం బొమ్మలు వేస్తుంటాను. మా ఆయన కూడా చూడలేదనే అనుకున్నాను. పెళ్లయిన కొత్తలో, చూస్తే ఇద్దరం కలిసే చూద్దామని ఉరుకుంద ఈరన్న సామి మీద ఒట్టు వేశాడు.

ఆయన పత్తి బేళ్ల లారీ నడుపుతాడు. ఈ రోజు మధ్యాహ్నం చెన్నై నుంచి వచ్చి అన్నం తింటూ, ఆరబెట్టిన నా కొత్త బొమ్మ చూశాడు. అందులో అలల ముందు మేమిద్దరం నిలబడి ఉన్నాం.

"బాగుంది గానీ, ఒడ్డు కాడ నీళ్లు ఇంత నీలంగా ఉండవే. టీ మాదిరుంటాయి. అల ఎనక్కి పోతాంటే కాళ్ల కింద ఇసుక జారి సక్కిలిగింతలు పెడతాది."

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

ఆయన ముద్ద మళ్లీ కంచంలో పెట్టాడు. "పోయినేడు లోడు దించేకి లేటయింటే, తోటి డ్రైవర్లు పోదాం రా అనిరి. పోయినా. నువ్వు బాధపడతావని సెప్పలే."

ఏడాదిగా నా బొమ్మలన్నీ చూసి, అచ్చం సముద్రమే అన్న మనిషి. ఆయన కంచంలో మజ్జిగ పోశాను.

ఆయన పడుకున్నాక, తడి కుంచెతో బొమ్మలో ఆయనను తుడిచేశాను. నీళ్ల రంగు పూర్తిగా పోదు కదా, నా పక్కన మరక మిగిలింది. నీళ్లను మాత్రం నీలంగానే ఉంచాను. నా కళ్లతో చూసిన రోజు మారుస్తాను.

ఈ స్టేటస్ ఆయనా చూస్తాడు, చూడనీ. నాది తప్పంటారా, అక్కలూ?