వీధివైపు తిప్పిన చెప్పులు

మా మేనత్త మొన్న ఆదివారం పొద్దున నాంపల్లిలో తన ఇంట్లోనే పోయింది. "అత్త పోయింది రా, జల్ది రా" అని అన్న ఫోన్ చేశాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమెను ఇన్నేళ్లు ఒంటరిని చేసిన మావాళ్ల మీద. వాళ్లకంటే ముందు నా మీద.

అత్త పెళ్లి చేసుకోలేదు. అబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసింది. ఆదివారాలు అక్కడి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేది. అట్ట ఊడిన జపాన్ తోటల బొమ్మల పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. దాన్ని ఎవరడిగినా ఇచ్చేది కాదు. రిటైరయ్యాక "ఒక్కదాన్ని పోవాల్నంటే భయమైతది, తోడు రా" అని నన్ను వెంటబెట్టుకుని క్యోటో బయల్దేరింది.

మేం వెళ్లింది మనవాళ్ల టూరుతోనే. వంటమనిషి కూడా ఇక్కడినుంచే వచ్చాడు. అందరూ బస్సులో పులిహోర తింటుంటే అత్తకు ఒళ్లు మండింది. "గింత దూరమొచ్చి గిదేనా తినేది?" అని నన్ను ఒక తోట పక్కనున్న టీ ఇంటికి లాక్కెళ్లింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, చేదుగా ఉన్న పచ్చటి టీ తాగాం. ఎర్రగింజలు మెత్తగా నూరి చేసిన తీపి తిన్నాం. ఎదురుగా నాచు, రాళ్లు, గీతలు గీసిన ఇసుక. ఒక్క పువ్వు లేదు. అత్త రెప్పవేయకుండా చూసింది. నేను గడియారం చూసుకున్నాను.

లేచి వచ్చేసరికి, లోపలివైపు విడిచిన మా చెప్పులు వీధివైపు తిరిగి ఉన్నాయి. ఆ ఇంటి ముసలామె మోకాళ్ల మీద కూర్చుని తిప్పి పెట్టింది. వెళ్లే అతిథి కాలు నేరుగా చెప్పులో పెట్టుకోవాలని అలా చేస్తారట, బస్సెక్కాక గైడు చెప్పింది. అత్త కళ్లు తుడుచుకుంది. "సూసినవా రా, మనం పోతుంటే గూడ మన ఫికర్ జేసింది."

తిరిగొచ్చాక చుట్టాలందరినీ భోజనానికి పిలిచింది. వాళ్లు తింటుండగా గుమ్మంలో చెప్పులన్నీ వీధివైపు తిప్పి వరసగా పెట్టింది. మా చిన్నమ్మ బయటికొచ్చి చూసి మొహం మాడ్చుకుంది. "ఏంది వదినా, బువ్వ తినంగనే ఎల్లగొడుతున్నవా?"

"గట్ల కాదే, జపాన్ల..." అని అత్త మొదలుపెట్టగానే అందరూ ఒకటే నవ్వు. అత్త నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు రా, నువ్వు చూసినవు గద."

నేను చూశాను. అయినా నలుగురిలో నన్నూ నవ్వుతారని భయపడ్డాను. "ఏమో అత్తా, నాకు యాదికి లేదు" అన్నాను. పిరికివెధవని, ఇంకే పేరూ లేదు దానికి.

చిన్నమ్మ మళ్లీ ఆ గడప తొక్కలేదు. మిగతావాళ్లూ తగ్గించేశారు. అత్త మాత్రం మానలేదు. మంచినీళ్లు తాగడానికి లోపలికొచ్చిన పోస్ట్‌మ్యాన్ చెప్పులు తిప్పింది. నేను ఎప్పుడు వెళ్లినా నావీ తిప్పింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేదో.

ఆదివారం అందరూ వచ్చారు. చిన్నమ్మ గుండెలు బాదుకుంది, "మా వదిన బంగారం" అని. బతికున్నప్పుడు ఆ బంగారాన్ని చూడ్డానికి ఒక్కరికీ తీరలేదు! గుమ్మం ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో జతా తిప్పడం మొదలుపెట్టాను.

"ఏంది రా, నీగ్గూడ గదే పిచ్చా?" చిన్నమ్మ అడిగింది.

"ఔ చిన్నమ్మా. అత్త చెప్పింది నిజం. గాడ నేను గూడ చూసిన. నాకు యాదికి ఉన్నది" అన్నాను. గట్టిగానే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అందరి చెప్పులూ తిప్పిన మనిషి, తనవి మాత్రం ఎప్పుడూ గోడవైపే విడిచేది. అత్తను బయటికి తెచ్చేలోగా ఆ నీలం హవాయి చెప్పులు కూడా తీసి, వీధివైపు తిప్పి పెట్టాను.